గడప బయట వదిలిన పేరు

సేలం పక్కనున్న ధర్మపురి కోర్టు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క, రేకుల పంచ కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు కుప్పుసామి ఒక్కడే. అందుకే మీనాక్షమ్మ ముందున్న ముగ్గురినీ దాటుకుని చివరి బల్ల దగ్గరికి వెళ్ళింది. పని ఎలాగూ తమిళంలోనూ ఇంగ్లీషులోనూ జరిగేదే. ఆ మాటకొస్తే కుప్పుసామికి తెలుగు చదవడం రాదు, ఆమెకూ రాదు. కానీ సొంత గోడు చెప్పుకోవడానికి ఇంటి భాష ఉంటే కాస్త నోరు పెగులుతుంది.

ఆమె సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. కుప్పుసామి కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. ఒకటి పదకొండేళ్ళ కిందటి ఎస్సెల్సీ పుస్తకం. పేరు ఎస్. మీనాక్షమ్మ, తండ్రి సీనప్ప, ఊరు సోగత్తూరు. రెండోది టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్. అందులో పేరు ఎన్. సౌభాగ్యం.

"ఇద్దరివి తెచ్చినావు. ఎవరికమ్మా పని?" అన్నాడు.

"ఇద్దరివి కాదన్నా. రెండూ నావే."

కుప్పుసామి టైపు మిషను పక్కకు జరిపాడు. ఈ పని చేతివేళ్ళతో తేలేది కాదని అతనికి అర్థమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆంధ్రలోలాగా ఇంటిపేర్లు కాగితాలకెక్కే అలవాటు ఈ పక్క లేదు. మనిషి పేరుకు ముందు ఒక్క అక్షరమే. ఆడపిల్లకు పెళ్ళి దాకా తండ్రి పేరులోని మొదటి అక్షరం, పెళ్ళయ్యాక మొగుడిది. అంతవరకు అందరికీ ఉన్నదే. మీనాక్షమ్మ విషయంలో అక్షరంతో పాటు పేరు కూడా పోయింది.

పదేళ్ళ కిందట పాపిరెడ్డిపట్టి కుర్రవాడు నంజప్పతో ఆమెకు పెళ్ళయింది. సంబంధం కుదిరేటప్పుడు జాతకాలు చూశారు, వరసలు చూశారు, అబ్బాయి అమ్మ పేరు కూడా మీనాక్షమ్మేనని మాత్రం చాలామందికి తట్టలేదు. తట్టినవాళ్ళు కూడా దాన్నొక అడ్డుగా అనుకోలేదు. వాళ్ళ కులంలో దానికి మందుంది. ఒకే కప్పు కింద ఒకే పేరుతో ఇద్దరు ఆడవాళ్ళు ఉండకూడదు. కొడుకు తల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని పిలవలేడు. కోడలిని పేరు పెట్టి తిడితే అది అత్తకు తగులుతుంది. కాబట్టి కొత్తకోడలిని గడప బయటే నిలబెట్టి, అత్త ఆమె చెవిలో మూడుసార్లు కొత్త పేరు చెబుతుంది. కోడలు మూడుసార్లు 'ఊఁ' అనాలి. ఆ తరువాతే కుడికాలు లోపల పెట్టాలి.

అలా పద్దెనిమిదేళ్ళ మీనాక్షమ్మ గడప ముందు నిలబడింది. తడి పసుపు వాసన వేసే మొహం ఒకటి ఆమె చెంపకు ఆనింది. "సౌభాగ్యం" అని వినిపించింది. ఊఁ అంది. ఇంకోసారి. ఊఁ. ఇంకోసారి. ఊఁ. లోపలికి పోయాక, బయట విడిచిన చెప్పులైతే పోయేటప్పుడు తొడుక్కోవచ్చు, మరి పేరు సంగతేమిటి అని ఆ పిల్లకు ఒక ఆలోచన వచ్చింది. అడగడానికి ఎవరూ లేరు. మొదటి వారం రోజులు సౌభాగ్యం అని పిలిస్తే పలికేది కాదు, పొగరనుకున్నారు. తరువాత పలకడం అలవాటైంది.

అత్త చెడ్డది కాదు. మామ చెన్నప్ప అంతకంటే మంచివాడు. చదువుకున్న పిల్లను రాగులు విసరడానికి కూర్చోబెట్టడమేమిటని తనే ట్రైనింగ్ స్కూల్లో చేర్పించాడు. ఆయన మంచితనమే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది. దరఖాస్తులో ఇంటి అలవాటు ప్రకారం ఎన్. సౌభాగ్యం అని రాసి, పెళ్ళయి పేరు మారిందని ఒక ఉత్తరం జతచేశాడు. ఆ రోజుల్లో ఆ ఉత్తరమే చాలింది. సర్టిఫికెట్ ఆ పేరు మీదే వచ్చింది. మామ పోయాడు. నంజప్ప బెంగళూరులో మిల్లు పనికి పోయి, అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడు. మూడేళ్ళ కిందట వచ్చి, పెద్దల ముందు కూర్చుని, పరక విరిచేశాడు.

"పరక విరిచినారా?" అన్నాడు కుప్పుసామి. అతనిదీ ఆ చుట్టుపక్కల ఊరే, కొత్తగా చెప్పక్కర్లేదు. వరిగడ్డి పరకను పెద్దల ముందు రెండుగా తుంచి, ఒక ముక్క మొగుడి పక్కకు, ఒక ముక్క ఆడపిల్ల పక్కకు ఇస్తారు. దానితో ఆలుమగలు వేరు. తాళి తిరిగి ఇస్తుంది, ఇంటికి పోతుంది, మళ్ళీ పెళ్ళి చేసుకోవాలంటే చేసుకుంటుంది. నూరేళ్ళుగానో, ఇంకా ముందు నుంచో ఇంతే. ఎవరూ కాగితం అడగలేదు.

మీనాక్షమ్మ ఎస్సెల్సీ పుస్తకం తెరిచింది. చివరి పేజీల మధ్య జానెడు గడ్డిముక్క ఉంది. పచ్చదనం ఏనాడో పోయింది. దాన్ని ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు.

"ఆఫీసులో చూపించినాను అన్నా. గుమాస్తా నవ్వలేదు, అదొకటి మేలు. దీన్ని ఫైల్లో ఎట్ల పెట్టేదమ్మా అన్నాడు."

విషయం ఇదీ. పెన్నాగరం దారిలో ఒక పల్లెలో పంచాయతీ స్కూలు. అందులో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. ముప్పై రోజుల్లో చేరాలి. చదువు కాగితం ఒక పేరుతో, ట్రైనింగ్ కాగితం ఇంకో పేరుతో ఉంటే చేర్చుకోవడం కుదరదు. రెండు పేర్లూ ఒక మనిషివేనని మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి, ఏదో ఒక పేరు ఖాయం చేసుకుని, గెజెట్టుకు పంపిన రసీదు తెస్తే చేర్చుకుంటామన్నారు. పన్నెండు రోజులు అప్పటికే అయిపోయాయి.

"దీనికి రెండు దార్లు ఉండాయి" అన్నాడు కుప్పుసామి. పదిహేనేళ్ళు ఒక వకీలు దగ్గర గుమాస్తాగిరీ చేసినవాడు, ఏ కాగితం ఎక్కడ ఆగిపోతుందో బాగా తెలుసు. "ఒకటి సులభం. పెండ్లి అయ్యి మీనాక్షమ్మ సౌభాగ్యం అయిందని రాస్తాను. పెండ్లి పత్రిక ఉంటే చాలు. అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన, మదరాసుకు గెజెట్టు ఫారం. ఎల్లుండికి ముగుస్తుంది. ఇకమీద అన్నిట్లోనూ నువ్వు ఎన్. సౌభాగ్యం."

"రెండోది?"

"రెండోది కష్టం. పెండ్లి తెగిపోయింది, నా పాత పేరే నాకు కావాల అని అడగాల. అప్పుడు తెగిందానికి రుజువు ఏదీ అంటారు. కోర్టు తీర్పు లేదు. కులాచారం ప్రకారం తెగితే దానికి చట్టం అడ్డం రాదు, అది నేను చూసినాను. కానీ ఆచారం జరిగిందని చెప్పేదానికి ఒక నోరు కావాల. కులపెద్ద అయినా సరే, ఆ ఇంటివాళ్ళు ఒకరైనా సరే. వాళ్ళు మేజిస్ట్రేటు ముందర నిలబడి చెప్పాల."

ఆమె ఆలోచించలేదు. "రెండోదే" అంది.

"ఉద్యోగం ఏ పేరుకైనా ఒకటే కదమ్మా. మదరాసు రాష్ట్రమే ఈ సంక్రాంతికి తమిళనాడని పేరు మార్చుకునింది. పాత పేరు కావాలని ఏడుస్తుందా?"

"రాష్ట్రం అడిగి మార్చుకునింది అన్నా. నన్ను ఎవరూ అడగలేదు."

కుప్పుసామి టైపు మిషను ముందుకు లాక్కున్నాడు. కాగితం ఎక్కించి, "మాజీ భర్త పేరు చెప్పు" అన్నాడు. అని నాలుక కరుచుకుని అటూ ఇటూ చూశాడు. ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. అలాంటప్పుడు పక్కనున్న మగవాణ్ణి అడిగి రాసుకోవడం అతని అలవాటు.

"నంజప్ప" అంది మీనాక్షమ్మ.

ఏడేళ్ళ కాపురంలోనూ, ఆ తరువాత మూడేళ్ళలోనూ ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. ఉరుము ఉరమలేదు, నాలుక పడిపోలేదు. రోడ్డు మీద సేలం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇంత చిన్న మాటకా ఇన్నేళ్ళు భయపడింది అనుకుని ఆమెకు కొంచెం నవ్వు, కొంచెం ఏడుపు వచ్చాయి.

ఆ సాయంత్రం సోగత్తూరులో తల్లి మాదమ్మ సంగతంతా విని చేట కింద పెట్టేసింది.

"ఏ పేరైతే ఏమే? చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకుంటావా? సౌభాగ్యం అంటే చెడ్డ మాటా? ఎంత మంచి పేరు!"

"మంచి పేరే. నాది కాదు."

"ఏడేళ్ళు పలికినావు కదా."

అది నిజమే. అదే ఆమెను తొలిచేస్తున్నది. పరక విరిచాక పుట్టింటికి వచ్చిన రోజు తల్లి వెనకనుంచి "మీనా" అని పిలిస్తే ఆమె తిరగలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుంది. మూడోసారి తల్లి గట్టిగా అరిస్తే గానీ అది తననని తెలియలేదు. ఆ రోజు తాళి తీసినప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. నా పేరు నాకే తెలియకుండా పోయిందే అని పెరట్లో కూర్చుని ఏడ్చింది. మొగుడు పోయినందుకు కాదు ఆ ఏడుపు, తల్లి అలాగే అనుకున్నా.

"రేపు స్కూల్లో పిల్లలు సౌభాగ్యం టీచర్ అంటారు. హాజరు పుస్తకంలో ఎన్. అని రాస్తారు. రోజూ పొద్దున సంతకం పెట్టేటప్పుడు ముందుగా ఆయన్ను రాసి, తరువాత ఆయన ఇంటివాళ్ళు పెట్టిన పేరు రాసి... నేను యాడమ్మా అందులో? అప్ప నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయి చెప్పిన పేరు ఒకటి ఉండాది కదా. చేరితే ఆ పేరుతో చేరతాను."

అప్ప అంటే తండ్రి సీనప్ప. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. మాదమ్మ చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

మరునాడు మీనాక్షమ్మ పాపిరెడ్డిపట్టి బస్సెక్కింది. పరక విరిచిన రోజు పెద్దరికం చేసిన మునెప్ప ఇంటికి పోయింది. మునెప్ప ఆమెను ఆదరంగానే కూర్చోబెట్టాడు. కాగితం సంగతి వినేసరికి మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

"నోటితో ఎన్ని సార్లు అడిగినా చెప్తాను పాపా. ఊరంతా విన్నది కదా. కైయెళుత్తు మాత్రం పెట్టను. మా తాత పరకలు విరిచినాడు, మా నాయన విరిచినాడు, ఎవరూ కాగితం మీద సంతకం పెట్టలేదు."

"అబద్ధం రాయమనడం లేదు మామా. జరిగిందే."

"జరిగిందే కాబట్టి భయం. వాడు బెంగళూరులో ఇంకొకతెను కట్టుకునినాడు. నేను కాగితం మీద వేలు పెడితే, ఒకడికి ఇద్దరు పెండ్లాలు ఎట్ల అని రేపు పోలీసు నా ఇంటికి వస్తాడు."

తెగిందని చెబితేనే ఆ నంజప్పకు ఇద్దరు పెళ్ళాలు కానట్టు లెక్క అని ఆమె ఎన్ని రకాలుగా చెప్పిందో! తల ప్రాణం తోకకు వచ్చింది. మునెప్ప అన్నిటికీ తల ఊపాడు, ఆఖరున మజ్జిగ ఇప్పించి పంపేశాడు. మాట మీద బతికిన మనిషి అతను. మాటకు కాగితం అడగడమే అతనికి అవమానం. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలులేని రకం పెద్దమనిషి.

బస్టాండుకు వచ్చే దారిలోనే ఆ ఇల్లు. చుట్టూ తిరిగి పోవచ్చు. పోవాలనే అనుకుంది. కాళ్ళు అటే తీసుకుపోయాయి. అత్త వీధి అరుగు మీద కూర్చుని సామలు చెరుగుతోంది. చేట ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడేళ్ళలో అత్త జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

"ఎండలో వచ్చినావు. నీళ్ళు తాగి పో" అంది అత్త.

చెంబుతో నీళ్ళు తెచ్చింది. మీనాక్షమ్మ గడప ఇవతల నిలబడే తాగింది. లోపలికి రమ్మని అత్త అనలేదు, అనడానికి వరస లేదు. ఏం పనిమీద వచ్చావని మాత్రం అడిగింది. మీనాక్షమ్మ అంతా చెప్పింది. మునెప్ప కాదన్న సంగతీ, ఆ ఇంటివాళ్ళెవరైనా చెప్పవచ్చన్న సంగతీ, వచ్చే సోమవారం మేజిస్ట్రేటు ముందుకు పోవాలన్న సంగతీ. అడగాలని చెప్పలేదు, చెప్పాక అడిగినట్టే అయింది.

"ఆడదాని మాట కోర్టులో ఎక్కుతుందా?"

"ఎక్కుతుందంట."

అత్త చేటలో రాళ్ళు నాలుగు ఏరి పారేసింది. "పోయిన నెల బెంగళూరామె పాపకు చెవులు కుట్టించేదానికి వాడు వచ్చినాడు. నీకు ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పినారు. ఆమె కాగితం గీగితం అని వస్తే నువ్వు వేలు పెట్టొద్దు అని చెప్పి పోయినాడు" అంది. చేట తీసుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు. రమ్మనీ అనలేదు.

తిరుగు బస్సులో మీనాక్షమ్మకు కోపం రాలేదు. ఒక్కగానొక్క కొడుకు. అతని మాట కాదని ఎలా వస్తుంది? తానైనా రాదు. అయితే ఇక దారి ఒక్కటే మిగిలిందని మాత్రం అర్థమైంది. మరుసటి రోజు కుప్పుసామి బల్ల దగ్గరికి పోయి, "సులభమైనదే టైపు చేయండన్నా" అంది. అతను ఆమె మొహం చూసి కాగితం ఎక్కించాడు. సొంత పేరు అడగడానికి వచ్చిన మనిషి ఆ పేరును వదులుకునే కాగితానికి ఆర్డరిచ్చి పోయింది.

సోమవారం పదింటికి ఆమె కోర్టు వరండాలో ఉంది. కుప్పుసామి కాగితం ముందు పెట్టాడు. 'సీనప్ప కూతురు మీనాక్షమ్మ అను నేను ఇకమీదట ఎన్. సౌభాగ్యంగానే అన్ని వ్యవహారాలలో...' తమిళంలో ఉన్న ఆ వాక్యం ఆమె రెండుసార్లు చదివింది. సంతకం మేజిస్ట్రేటు ముందే పెట్టాలి కాబట్టి పెన్ను చేతిలో ఊరికే పట్టుకుని కూర్చుంది. ఆ పెన్నును విసిరేయాలనిపించింది. ఊరికే అనిపించడమే, విసరలేదు. ఉద్యోగం కావాలి కదా.

"మా కోడలు యాడుందో చూసినారా?" అని ఎవరో తెలుగులో అడుగుతున్నారు. అడగడం ఒక నల్లకోటు వకీలును. ఆయనకు తెలుగు రాదు. ఆయన ఇంకో పక్కకు చెయ్యి చూపించాడు. ఈలోగా మీనాక్షమ్మ లేచి నిలబడింది.

అత్త చేతిలో గుడ్డసంచి, కళ్ళకు చెయ్యి అడ్డం. వచ్చి పక్కన కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "కండ్లు చూపించుకునేదానికి ఆసుపత్రికి పోతాను అని చెప్పి వచ్చినాను. మధ్యాన్నం బస్సుకు పోవాల. యాడ పెట్టాల వేలు?"

మీనాక్షమ్మ ముందున్న కాగితం తీసి కుప్పుసామికి ఇచ్చేసింది. కుప్పుసామి చేతిలోని కాగితం నిలువునా చింపేసి, కొత్తది ఎక్కించడానికి రోడ్డు దాటి పరిగెత్తాడు. యాభై ఏళ్ళవాడు అలా పరిగెత్తడం మిగతా ముగ్గురు టైపిస్టులూ ఎప్పుడూ చూడలేదు. అత్తా కోడలూ అతని వెనకే వెళ్ళారు.

"సాక్షి పేరు?"

"మీనాక్షమ్మ" అంది మీనాక్షమ్మ.

"నీది కాదమ్మా, సాక్షిది."

"అదే అన్నా. ఆ పేరు వల్లనే కదా ఇదంతా."

కుప్పుసామి వేళ్ళు మిషను మీద ఆగాయి. ముసలామె వైపు చూశాడు, చిన్నామె వైపు చూశాడు. టైపు చేశాడు. సాక్షి భర్త పేరు దగ్గర మళ్ళీ ఆగిపోయింది. అత్త తల అడ్డంగా ఊపింది. చచ్చిపోయినా మొగుడి పేరు ఆమె నోట రాదు. కోడలు అందుకుని "చెన్నప్ప" అంది. మామగారి పేరు పలికినందుకు అత్త ఆమె తొడమీద ఒక చిన్న దెబ్బ వేసింది. వెంటనే, "అదే, అదే" అని టైపు మిషను వైపు తల ఊపింది.

పన్నెండు దాటాక బంట్రోతు తలుపు దగ్గర నిలబడి కోర్టు పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలిచాడు. "మీనాక్షమ్మ! మీనాక్షమ్మ! మీనాక్షమ్మ!" వరండా ఆ చివరిదాకా మోగింది. మొదటి పిలుపుకే అత్తా కోడలూ ఇద్దరూ లేచి నిలబడ్డారు. అత్త లేచిన తీరు చూస్తే, ఎవరో తట్టి లేపినట్టుంది. కొంగు సర్దుకుని, "నన్నేనా?" అని గొంతు తగ్గించి అడిగింది. ఇద్దరినీ రమ్మన్నారు.

మేజిస్ట్రేటు నడివయసు మనిషి. కాగితం చదివి, ముసలామెను తమిళంలో అడిగాడు. ఆమె తనకొచ్చిన తమిళంలో జవాబు చెప్పింది. పరక విరిచినప్పుడు చూశావా? చూశాను, నా ఇంటి పంచలోనే విరిచారు, ఆ గడ్డి మా వామిలోదే. ఈమె పేరు మార్చింది ఎవరు? నేనే. ఎందుకు?

"ఒకే ఇంట్లో ఆ పేరు రెండు ఉండగూడదు సామీ. నేను ముందు వచ్చినాను కాబట్టి నేను ఉంచుకునినాను."

"దానికి కాగితం ఏమైనా ఉందా?"

"లేదు సామీ. చెవిలో మూడుసార్లు చెప్పినాను. ఊఁ అనింది."

మేజిస్ట్రేటు పెదవుల మీద నవ్వు కనబడీ కనబడకుండా పోయింది. "ఇప్పుడేమంటావు?"

"ఆ సౌభాగ్యం అనే పేరు మా ఇంటిది. మా ఇంట్లోనే విడిచిపెట్టనీండి. ఇది దాని పేరు, దానికి ఇచ్చేయండి" అంది అత్త. చెప్పి, ఎడమచేతి బొటనవేలు తానే ముందుకు చాపింది. వేలికి సిరా పూసి ఒత్తించారు. ఆ కింద మీనాక్షమ్మ సంతకం పెట్టింది. ముందుగా నాన్న అక్షరం 'ఎస్' రాసింది. పదేళ్ళ తరువాత రాస్తున్న అక్షరం కాబట్టి కాస్త వంకర పోయింది. ఫరవాలేదు, నాన్న ఏమీ అనుకోడు.

మిగిలింది పేపరు ప్రకటన, మదరాసుకు ఫారం. అది కుప్పుసామి చూసుకుంటానన్నాడు, రసీదు గురువారానికి చేతిలో ఉంటుందన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ బస్టాండుకు నడిచారు. అత్త బొటనవేలికి అంటిన సిరాను రాతికి రుద్దుతూ, మళ్ళీ చూసుకుంటూ నడిచింది. పాపిరెడ్డిపట్టి బస్సు నిలబడి ఉంది, డ్రైవరింకా రాలేదు. కిటికీ పక్క సీటులో అత్తను కూర్చోబెట్టి మీనాక్షమ్మ కింద నిలబడింది. థాంక్స్ లాంటి మాటలు వాళ్ళ భాషలో లేవు. "కొడుక్కి తెలిస్తే?" అని మాత్రం అడిగింది.

"తెలియనీ. అరుస్తాడు. వాడు అరిచినా అమ్మా అనే అరవాల కదా." అత్త కిటికీ చువ్వ పట్టుకుంది. "ఒక మాట చెప్తాను, నవ్వొద్దు. ఆ పేరు నీ దగ్గర నుంచి తీసుకుని నేనేం చేసుకునినాను? మీ మామ నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఏమే అనేవాడు. వాడు అమ్మా అంటాడు. ఊర్లో వాళ్ళు నంజప్ప అమ్మ అంటారు. మా అమ్మ చచ్చిపోయినాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. నలభై ఏండ్లు. పెట్టెలో పెట్టి చివికించినాను. నీ దగ్గర ఉండి ఉంటే ఎవరో ఒకరన్నా పిలిచేవాళ్ళు."

మీనాక్షమ్మ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఇన్నేళ్ళూ తన పేరు అవతలి మనిషి అనుభవిస్తోందనే అనుకుంది.

"ఈరోజు ఆ బంట్రోతు పిలిచినాడు చూడు" అంది అత్త. "గుండె ఝల్లుమనింది."

డ్రైవరు ఎక్కాడు. బస్సు ఊగింది, గుడగుడమంది. అత్త మొహం కిటికీలోంచి వెనక్కి జరుగుతోంది. కోడలు అత్త పేరు పలకకూడదు. పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడం అంతకంటే తప్పు. మీనాక్షమ్మ బస్సు వెంట నాలుగడుగులు వేసింది. బస్టాండు నిండా జనం ఉండగానే గొంతెత్తి, తన పేరే తాను పిలిచింది.

"మీనాక్షమ్మా!"

కిటికీలోంచి సిరా అంటిన చెయ్యి ఒకటి బయటికి వచ్చింది.

"ఓ!" అని పలికింది ముసలామె.